నంజత్త పక్కన చోటు

టోకెన్లు పిలిచే అమ్మాయి మళ్ళీ ఎవరి పేరో పిలిచింది. మాది కాదు. మోకాలి మీద చెయ్యి వేసి లేవబోయిన నాయన లేవకుండానే కూర్చున్నాడు. వచ్చినప్పటినుంచీ ఇదే వరస, ప్రతి పేరుకూ సగం లేస్తాడు, పేరు ఇంకెవరిదో అని తెలిశాక దిగిపోతాడు. ఆయన్ని చూస్తుంటే నాకు అలసటగా ఉంది, లేకపోతే ఈ అలసట నాదేనేమో, తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి ఫస్ట్ షిఫ్టు చేసి, యూనిఫాం మార్చుకోకుండా హోసూరులో కృష్ణగిరి బస్సు పట్టుకుని వచ్చాను, దారంతా నిలబడే. ఇక్కడికొచ్చాక ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే ఒళ్ళు కుర్చీలోకి కారిపోతున్నట్టుంది. నాయనకు అటు పక్క బెంచీ మీద నంజత్త. గోడకు ఆనుకుని, కాళ్ళు పైకి ముడుచుకుని, తిరిగే ఫ్యానును చూస్తోంది. ఆమె పక్కన ఒక మనిషి కూర్చునేంత చోటు ఉంది. లోపలంతా జనం, గోడ పొడుగునా నిలబడినవాళ్ళున్నారు, చంకలో బిడ్డతో ఒకామె ఈ కాలి మీదా ఆ కాలి మీదా బరువు మార్చుకుంటోంది, అయినా ఆ చోటు ఖాళీగానే ఉంది. అందరమూ ఒకే డాక్టరమ్మ దగ్గరకు వచ్చినవాళ్ళమే, ఒకే బోర్డు కిందినుంచి లోపలికి వచ్చినవాళ్ళమే, అయినా ఆ కాస్త చోటును ఎవరు కొలిచి వదిలారో. నేనూ నాయనకు ఇటు పక్కనే కూర్చున్నాను కదా.

నువ్వే చెప్పల్ల, అన్నాడు నాయన బస్టాండులో నన్ను చూడగానే. తిన్నావా అని కూడా అడగలేదు, ఎప్పుడూ అడిగేవాడు. చదువుకున్నదానివి, నీ మాటైతే డాక్టరు వింటాది, నేను చెప్తే పొలం కోసం చెప్తాండాడు అనుకుంటారు, నువ్వు మేనకోడలివి, నీకేం ఆశ. ఇవన్నీ పొలాల బేరాలు కుదిర్చే గోపాలప్ప నేర్పిన మాటలని నాకు తెలుసు. నాయనకు సొంతంగా ఇన్ని మాటలు వరసగా రావు. డాక్టరు ఒక్క మాట అంటే చాలంట, రాయకోట రోడ్డులో ఒక హోం ఉందంట, అక్కడ మూడు పూటలా అన్నం పెడతారంట, మిగతా సంగతి గోపాలప్ప చూసుకుంటాడంట. ఒక్క మాట. ఏ మాట అని నేను అడగలేదు. ఆ మాట మా ఇంట్లో ఎన్ని భాషల్లో ఉందో లెక్కలేదు. మేము తెలుగువాళ్ళం, బడిలో తమిళం, సంతలో కన్నడం, కంపెనీలో ఇంగ్లీషు, దేనికి ఎక్కడ మాట తక్కువైనా దీనికి మాత్రం ఎక్కడా తక్కువ కాలేదు. ఇంట్లో పిచ్చి, ఎర్రి, తిక్క. బడిలో లెక్కల సారు నోట లూసు, ఆయనకు కోపం తక్కువున్న రోజు అరలూసు. మాలూరునుంచి వచ్చే చిన్నమ్మ నోట హుచ్చు. కంపెనీలో మెంటల్, సైకో. ఇన్నింటిలో డాక్టరమ్మ ముందు పెట్టదగింది ఏది? నేనేదో కూరగాయల కొట్టు ముందు నిలబడి ఏది ముదరలేదా అని గిల్లి చూస్తున్నట్టుంది.

అవ్వ నోట్లో ఆ మాట ఇట్లా ఉండేది కాదు. మా అవ్వ వెంకటలక్ష్మమ్మ ఎవరి మీద ప్రేమ వచ్చినా ముందు వాళ్ళను పిచ్చివాళ్ళను చేసేది. పిచ్చినాయనా తిను, ఎర్రిదానా ఎండలో తిరగొద్దు. నంజత్తను పేరు పెట్టి పిలిచింది నేను వినలేదు, నా ఎర్రి బిడ్డ అనేది, ఊత్తంగరై పక్క ఇచ్చిన చోట మొగుడు పోయి ఆమె తిరిగి వచ్చిన రోజు కూడా అదే మాట అన్నదట, వాకిట్లో నిలబెట్టకుండా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి అన్నదట. చేను గట్టు మీద కొడవలి పట్టుకుని నడుస్తూ ఇది పిచ్చిచెట్టు, ఇదీ పిచ్చిచెట్టే అని చూపించేది. చిన్నప్పుడు అడిగాను, అవ్వా, చెట్టుకు పిచ్చి ఎట్లా పడుతుంది అని. మనం నాటంది, మనకు పనికిరాంది, అంతే మే, అన్నది. మందనుంచి విడిపడి మా మామిడితోపుల్లోకి వచ్చే ఒంటి ఏనుగునూ అట్లాగే అనేవాళ్ళు. ఊరంతా డబ్బాలు వాయించి తరిమేవాళ్ళు. తెల్లారాక దాని అడుగుల్లో నీళ్ళు నిలిచి ఉంటే నంజత్త ఒక్కతే వంగి చూసి, ఇది ముందునుంచీ దాని దోవే, కంచె మనం ఏసినాము అనేది. ఆ మాటకూ ఊరు నవ్వింది. నేనూ నవ్వాను, అప్పుడు నాకు పళ్ళు ఊడే వయసు.

బయట ఎవరో బండి హారన్ కొడుతున్నారు, ఆపకుండా. నంజత్త చెవులు మూసుకుంది. బిడ్డనెత్తుకున్నామె అది చూసి ఇంకో అడుగు అవతలికి జరిగింది. చెవులు నేనూ మూసుకోవాలనుకున్నాను, మూసుకోలేదు, అంతే తేడా. నంజత్త చేతులు దించి నాయన మీదుగా వంగి నన్ను అడిగింది.

"భువనా, ఈ డాక్టరు తలకాయకా, మోకాలికా?"

నేను నాయన వైపు చూశాను. నిద్రకు, నిద్ర పట్టేదానికి మందిస్తాది, అన్నాడు నాయన నేలకేసి చూస్తూ.

"మోకాలికైతే నువ్వు చూపించుకోప్పా. పొద్దున్నుంచీ పట్టుకోనే ఉండావు."

గోడ దగ్గర నిలబడిన ముసలాయన ఒకడు కిసుక్కుమన్నాడు. నాయన మోకాలి మీదినుంచి చెయ్యి తీసేశాడు, తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమెకు తెలుసు. బోర్డు చదవడం రాకపోయినా ఇక్కడ కూర్చున్నవాళ్ళ కళ్ళు చూస్తే తెలియదా. తెలిసే ఆకుపచ్చ చీర కట్టుకుంది, పెట్టెలో మడత పెట్టుకునేది, జాతరకు తప్ప తీయనిది. తల దువ్వి కొప్పు పెట్టుకుంది. ఎవరు ఏమంటారో అని ముందే సిద్ధమై వచ్చిన మనిషి లాగా.

ఆ చీరతోనే ఆమె మీదికి అమ్మ వచ్చేది. మారెమ్మ జాతర నాడు పలకల వాయింపు మొదలయ్యేదాకా పొయ్యి దగ్గర ముద్దకు రాగిపిండి కలుపుతూ ఉండేది. పలకల దెబ్బ వీధి మలుపు తిరిగేటప్పటికి కాళ్ళు వణికేవి, కొప్పు విడిపోయేది, గొంతు మారేది. మా ఇంటి మగవాళ్ళు నలుగురు పట్టుకున్నా ఆగేది కాదు. ఇవాళ ఎవరైనా ఆ గొంతుతో ఈ క్లినిక్కులో అరిస్తే పరిగెత్తుకొచ్చి సూది పొడుస్తారు. ఆ రోజు మాత్రం నీళ్ళ బిందెలు తెచ్చి కాళ్ళు కడిగేవాళ్ళు. పెద్దలు తలపాగాలు తీసేవాళ్ళు. కర్పూరం, నిమ్మకాయలు, వేపమండలు. అప్పుడు అడిగేవాళ్ళు. మా పక్క అడగడం అంటే అదే, ఇంకేం చెప్పక్కర్లేదు, ఏదైనా పెద్ద పని తలపెడితే జాతర నాడు అమ్మను అడగాలి, ఊరందరి ముందూ పేరు చెప్పి, ఉన్నదున్నట్టు. అమ్మ ఏమంటే అది. తరువాత ఎవరూ నోరెత్తకూడదు. బోరు ఎక్కడ వెయ్యాలి, బిడ్డను ఎవరికి ఇవ్వాలి, వాన ఎప్పుడు. అందరికంటే ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు మా నాయన కేశవప్ప. ఇంట్లో అక్కా అని కసిరేవాడు, అక్కడ తల్లీ అని వంగేవాడు. మరుసటి రోజు నంజత్త ఒళ్ళంతా నొప్పులతో చాప మీద పడుకుని ఉంటే వేడినీళ్ళు కాచి పెట్టిందీ నాయనే. ఇది నేను మరిచిపోకూడదు. ఆయన చెడ్డవాడైతే నాకు ఇంత బరువుగా ఉండేది కాదు.

నన్ను గురించి కూడా అడిగారు. పన్నెండో తరగతి అయ్యాక. మా ఇంట్లోనే కాదు, మా వీధిలోనే ఆడపిల్ల ఎవరూ బస్సెక్కి కాలేజీకి పోలేదు. పెదనాన్నలు వద్దన్నారు, హోసూరు అంటే కంపెనీల ఊరు, పోయినది పోయినట్టే అన్నారు. నాయనకు పంపాలనే ఉండేది, వాళ్ళ మాట కాదనే ధైర్యం లేదు. అడుగుదాం అన్నాడు. జాతర నాడు అందరి ముందూ నన్ను నిలబెట్టి అడిగాడు. పసుపు నీళ్ళు కారే మొహంతో నంజత్త నన్ను చూసింది, నన్నే చూసిందో నా వెనక దేన్ని చూసిందో. పంపు, దాని కాళ్ళకు అడ్డం పడొద్దు, అన్నది ఆ గొంతు. అంతే. పెదనాన్నలు తలలు వంచారు. నేను బి.ఎస్సీ చదివాను. మర్నాడు చాప దగ్గర కూర్చుని అత్తా, నిజంగా అమ్మే చెప్పిందా అని అడిగితే, నాకేం తెలుసు, నాకు జ్ఞాపకం ఉండదు, అని నా వైపు చూడకుండా గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు మాత్రం కొంచెం కదిలాయి. నవ్విందో, నొప్పో. ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

మళ్ళీ పేరు పిలిచారు. నాయన సగం లేచాడు. మాది కాదు.

ఈ ఏడు కూడా అడిగారు, అదే వాళ్ళు చేసిన పొరపాటు. ఇంట్లో కూర్చోబెట్టి, అక్కా, బావికాడి చేను అమ్మేద్దాం, బోర్లో నీళ్ళు లేవు, రాగి పండటం లేదు, మామిడికాయ కోసిన కూలి కూడా రాలేదు, నా మోకాళ్ళు పోయినాయి అని నాయన చెప్పి ఉంటే ఏమనేదో. ఆ చేను తాత అక్కాతమ్ముళ్ళిద్దరి పేరా పెట్టాడు, అది అందరికీ తెలిసిందే. గోపాలప్పే తొందరపెట్టాడు. లేఅవుట్ వాళ్ళకు ఊరిలో మాట రాకూడదు, అమ్మ ముందు అడిగితే ఎవరూ అడ్డం రారు, నంజమ్మ నోటితోనే అమ్మ సరే అంటే ఇంక నంజమ్మ కాదంటాదా అన్నాడు. కొనేవాళ్ళను కారులో పిలిపించి ముందు వరసలో నిలబెట్టాడు, వాళ్ళూ చెప్పులు విడిచి నిలబడ్డారు. నాయన కర్పూరం పెట్టి అడిగాడు. నేను అక్కడే ఉన్నాను, సెలవు పెట్టి వచ్చాను. పలకలు ఆగాయి. "బావి నా నోరు రా. మట్టితో మూస్తావా?" అన్నది ఆ గొంతు. కర్పూరం అరచేతిలోనే ఆరిపోయింది, నాయన చెయ్యి కాలిందో ఏమో తెలియలేదు.

ఇంక అడగడం లేదు కదా. అమ్మ అన్నాక అయిపోయింది కదా. రెండు వారాలు అందరూ నోరు మూసుకున్నారు. తరువాత గోపాలప్ప టీ అంగడి దగ్గర మొదలుపెట్టాడట, నంజమ్మకు ఈ మధ్య సరిగ్గా లేదప్పా అని. అమ్మ అనలేదు, నంజమ్మ అన్నాడు. ముందు ఈ మధ్య అన్నాడు, తరువాత ఎప్పుడూ అంతే అన్నాడు, తరువాత మెంటల్ అన్నాడు. ఇరవై ఏళ్ళు ఆ గొంతుకు వంగిన నడుములు ఆ మాటతో నిటారుగా లేచినాయి. కొలతలవాళ్ళు వచ్చి చేనులో తెల్లరంగు రాళ్ళు పాతిపోయారు. తెల్లారేటప్పటికి రాళ్ళన్నీ పీకి బావి గట్టు మీద వరసగా పేర్చి ఉన్నాయి. మళ్ళీ పాతారు. నంజత్త మళ్ళీ పీకింది. ఈసారి అమ్మ మీద పెట్టలేదు, రాళ్ళు పెరికింది మాత్రం నేనే, అని ఎదురు వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. అప్పటినుంచి చేనులోనే ఉంటోంది, అన్నం గిన్నె అక్కడికే తెచ్చుకుంటోంది, బావిలోకి వంగి మాట్లాడుతోంది, ఒకసారి కొలతలవాళ్ళ మీదికి మట్టిగడ్డ విసిరింది. పిల్లలు వెనకబడి అరుస్తున్నారు. అన్నీ నిజమే. నాకు భయం వేయలేదని చెప్పలేను. పోయిన ఆదివారం వెళ్ళినప్పుడు కళ్ళ కింద నల్లగా, పెదవులు పగిలి, నిద్ర లేని మనిషి. బాగానే ఉంది అని ఎట్లా చెప్పను? బాగా లేదు. బాగా లేకపోవడమూ, వాళ్ళు చెప్పమంటున్న మాటా ఒకటేనా? నాయన కళ్ళ కిందా అంతే నల్లగా ఉంది. నాకూ అంతే, అద్దంలో చూసుకుంటాను కదా.

మా లైనులో రంజిత అని ఒక అమ్మాయి ఉంది, డెంకణికోట పక్క. కొలతకు రాని పీసులు పాస్ చెయ్యనంటుంది. షిఫ్టు దిగే వేళ అందరూ బస్సు కోసం చూస్తుంటే ఆమె గేజు పెట్టి మళ్ళీ కొలుస్తుంది. మా లీడరు అజిత్ మంచివాడే, కానీ ఆమెకు కిరుక్కు అని పేరు పెట్టాడు, అంటే తిక్కదని. ఇప్పుడు అందరికీ అదే పేరు. ఆమె ఏం చెప్పినా నవ్వు, పీసు తీసి చూసేవాళ్ళు లేరు. పేరు పడ్డాక చెప్పినదాన్ని వినే పని తప్పిపోతుంది, అంత సుఖం దానిలో ఉంది. అలసిపోయినవాళ్ళకు ఇంకా సుఖం. నాయన అలసిపోయాడు. నేను కూడా. ఒక్క మాట అనేసి, సాయంత్రం బస్సెక్కి, రూములో కాళ్ళు చాపుకుని పడుకోవాలని ఉంది. నాయన నా కోసం బస్టాండులో ఎన్నిసార్లు ఎండలో నిలబడ్డాడు, నా ట్రంకు పెట్టె తల మీద మోశాడు, ఆయన ఒక్కటి అడిగితే. ఒక్క మాట. ఎంత చిన్న పని.

నంజమ్మా, అని పిలిచింది అమ్మాయి. ఈసారి నాయన లేవలేదు. నంజత్తే ముందు లేచింది.

డాక్టరమ్మకు నా కంటే పదేళ్ళు ఎక్కువుంటాయేమో. ఆవిడా అలసిపోయే ఉంది, టేబుల్ మీద టిఫిన్ డబ్బా మూత తీసి తినకుండా ఉంది. తమిళంలో అడిగింది, ఏమైందని. నాయన చెయ్యి నా భుజం మీద పడింది, మెల్లగా, ముందుకు తోసినట్టు. నేను నోరు తెరిచాను. అన్నీ ఉన్నాయి అక్కడ, మూడు భాషలవీ, ఇంగ్లీషువీ, ఒకదాని మీద ఒకటి పడుతూ. ఒక్కటీ తీసుకోలేకపోయాను. జరిగింది చెప్తాను మేడం, అన్నాను. ఈమె మా అత్త. సరిగ్గా నిద్రపోవడం లేదు, సరిగ్గా తినడం లేదు. చేను అమ్మడం ఆమెకు ఇష్టం లేదు, ఆ చేనులో సగం ఆమెది. పాతిన రాళ్ళు పెరికేసింది. బావి దగ్గర మాట్లాడుకుంటుంది. కోపం వస్తే మట్టిగడ్డ విసిరింది, ఎవరికీ తగల్లేదు. నాయన వెనకనుంచి తెలుగులో అందుకున్నాడు. "అది చెప్పు పాపా. ఒంటిమీదికి ఏదో వస్తాది, గొంతు మారిపోతాది, అది చెప్పు."

ఏదో, అన్నాడు. నాయన నోటినుంచి ఏదో. అప్పుడు నా కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, ఇష్టం లేకుండానే. నేను డాక్టరమ్మ వైపే చూస్తూ, నాయనకు కూడా అర్థం కావాలని తెలుగులో అన్నాను.

"వస్తాది మేడం. జాతర నాడు వస్తాది, పలకలు ఆగితే పోతాది. ఆ గొంతు పంపమంటేనే మా నాయన నన్ను కాలేజీకి పంపినాడు. అది పిచ్చి అయితే నా చదువూ పిచ్చే."

నాయన చెయ్యి నా భుజం మీదినుంచి లేచిపోయింది. డాక్టరమ్మకు తెలుగు ఎంత తెలుసో గానీ తల ఊపింది. ఊపి, మా ఇద్దరినీ వదిలేసి, నంజత్త వైపు కుర్చీ తిప్పుకుంది. ఇవాళ ఏ వారం, పొద్దున ఏం తిన్నారు, చచ్చిపోవాలనిపిస్తుందా, ఎవరైనా కనిపించకుండా మాట్లాడతారా. నంజత్త అన్నింటికీ తమిళంలో నిదానంగా జవాబు చెప్పింది. చచ్చిపోతే వాళ్ళకు మంచిది, నేనేంటికి చస్తాను, అన్నది. బావితో ఎందుకు మాట్లాడతారంటే, ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదని చెప్పింది. రాళ్ళెందుకు పీకారంటే, నన్ను అడగలేదు కదమ్మా, అన్నది. డాక్టరమ్మ చాలాసేపు ఏదో రాసుకుంది. నిద్రకు పది రోజులు మాత్రలిస్తాను, నెల తరువాత ఒకసారి రండి, చేర్చుకోవలసిన జబ్బు నాకు కనపడలేదు, అన్నది. నాయన నిలబడే ఉన్నాడు. మేడం, మేము చెప్పితే వినదు మేడం, అన్నాడు చివరిసారిగా, అడుక్కున్నట్టు. అందుకు నా దగ్గర మాత్ర లేదు పెద్దాయనా, అన్నదావిడ, డబ్బా మూత పెట్టుకుంటూ. కోపంగా కాదు. తరువాతి పేరు పిలిచారు.

బస్టాండు దాకా నడిచే పోయాము. మందుల సంచీ నా చేతిలో ఉంది. రేపు నాకు వారపు సెలవు, వాళ్ళతోనే ఊరికి పోయి రావాలని అప్పుడే అనుకున్నాను, ఎందుకో చెప్పలేను, మాత్రలు ఎప్పుడు వెయ్యాలో చెప్పాలి కదా అనుకున్నాను. వేప్పనపల్లి బస్సు నిలబడి ఉంది, సగానికి పైగా నిండింది. నంజత్త ఎక్కి మధ్యలో కిటికీ పక్కన కూర్చుంది. నాయన ముందుకు పోయి డ్రైవరు వెనక సీటులో ఎవరో తెలియని మనిషి పక్కన కూర్చున్నాడు. ఫోను మోగింది. గోపాలప్పే. నాయనకు ఫోనులో మెల్లగా మాట్లాడడం రాదు. "కాలేదప్పా. లేదు, లేదు, చేర్చుకోలేదు... మా పాపే చెడిపింది. అక్కకొకటే అనుకుంటి, దీనికీ పట్టినట్టుండాది తిక్క. చదువు ఎక్కువైంది." బస్సంతా విన్నది. వెనక్కి తిరిగి నన్ను చూసినవాళ్ళూ ఉన్నారు, చూసి వెంటనే కిటికీలోకి తిరిగినవాళ్ళూ ఉన్నారు. రేపు పొద్దుటికి టీ అంగడి దగ్గరకు చేరుతుంది. పెదనాన్నలు, అప్పుడే చెప్పినాము, అంటారు. నాకు కోపం రాలేదు, రావలసినంత బలం లేదు. ఆయన మెడ వెనక చెమట కారుతోంది, చొక్కా కాలరు ముసలిదైపోయింది, ఫోను పెట్టేసి మళ్ళీ మోకాలు పట్టుకున్నాడు. ఆయన బావి గట్టు మీద ఆ రాళ్ళను చూస్తూ ఇంకెన్ని రోజులు లేవాలో. నేను కాదన్నాను గానీ ఆయనకు దారి చూపించలేదు. నాకూ తెలియదు.

డ్రైవరు ఎక్కాడు. నిలబడినవాళ్ళు సీట్ల వెనక కమ్ములు పట్టుకున్నారు. నంజత్త పక్కన సీటు ఖాళీగానే ఉంది, ఎవరూ కూర్చోలేదు. ఆమె ఆకుపచ్చ కొంగుతో ఆ సీటు మీద దుమ్ము దులిపింది, రెండు సార్లు, నిదానంగా, ఎవరికోసమో ముందునుంచే ఉంచినట్టు.

"ఇట్ల రా పాపా," అన్నది. "నిలబడి నిలబడి నీకూ కాళ్ళు పోతాయి."

నేను పోయి కూర్చున్నాను.